కదలవద్దన్న చోటు

సన్యాసిరావు చేతిలోని వైర్‌లెస్ సెట్టు రెండుసార్లు గరగరలాడింది. తర్వాత కమాండెంటు సత్యమూర్తి గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఉన్నచోటే ఉండండి. ఒక్కడు కూడా కదలొద్దు. నేనే బయలుదేరుతున్నాను. నలభై నిమిషాల్లో రోడ్డు మీదుగా వచ్చేస్తాం."

జవాబు చెప్పేలోగా కొండమీంచి వచ్చిన తూటా బండరాయికి తగిలి పెచ్చులు లేచాయి. ఒక పెచ్చు సెట్టును పగలగొట్టింది. సబ్‌ఇన్‌స్పెక్టర్ సన్యాసిరావుకు ఇక బయటి ప్రపంచంతో మాటల్లేవు.

ఖనిజం లారీల కోసం పామేడు వైపు కొత్తగా వేస్తున్న రోడ్డుకు కాపలాగా ఆ ఉదయం పద్దెనిమిది మంది పోలీసులు అడవిలోకి దిగారు. పదకొండు గంటలకు ఈ లోయలో చిక్కుకున్నారు. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు వాగు. తలెత్తితే చాలు, పైనుంచి నక్సలైట్ల తుపాకి పేలుతోంది. ఇద్దరికి తూటాలు తగిలాయి. వారిలో ఒకడు జయరావు. కిరండూల్ రైల్వే క్వార్టర్లలో అతనూ సన్యాసిరావూ పక్కపక్క ఇళ్ళలో పెరిగారు. ఇద్దరి తండ్రులూ శ్రీకాకుళం నుంచి వచ్చి అదే లైనులో గ్యాంగ్‌మన్లుగా పనిచేశారు. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటినుంచీ బావా అంటే బావా.

జయరావు తొడ మీద కట్టిన గుడ్డ అప్పటికే మూడోసారి తడిసింది.

"ఎంతసేపురా బావా?" అని అడిగాడు.

"నలభై నిమిషాలు. సారే వస్తన్నారు."

పక్కనే బోర్లా పడుకున్న ఉంగ తల అడ్డంగా ఊపాడు. పోలీసులకు అడవిలో దారి చూపే దోర్ల తెగ మనిషి ఉంగ. అడవిలో పలికే నాలుగు భాషలూ అతనికి వచ్చు.

"సార్, పైన వాళ్ళు కోయ భాషల అరుస్తున్నరు. ఇన్నవా?"

"ఏమంటున్నారు?"

"'మోటర్లు వచ్చిందాక ఆగుండ్రి. వీళ్ళను తొందరగ సంపొద్దు' అంటున్నరు."

గంట నుంచీ సన్యాసిరావుకు అర్థం కానిది అదే. అంతమంది పైన ఉండి ఎందుకు దిగిరావడం లేదు? ఎందుకు ఇంత పొదుపుగా కాలుస్తున్నారు? వాళ్ళకు కావలసింది ఈ పద్దెనిమిది మంది కాదు. వీళ్ళకోసం పరుగెత్తుకొచ్చే బళ్ళు. రోడ్డు వాగు దాటే తూము కింద మందుపాతర పెట్టి కూర్చుని ఉంటారు.

నిరుడు వేసవిలో సత్యమూర్తి క్యాంపులో ఇసుకతో కొండలూ వాగులూ పేర్చి పాఠం చెప్పిన రోజు గుర్తొచ్చింది. "ఎదుటివాడి బలం ఉన్నచోట తల బాదుకోకండి. సందు వెతికి దూరండి. వాడు ఒకటి అనుకుని కూర్చుంటే మీరు ఇంకొకటి చెయ్యండి, వాడి అంచనా తప్పిపోవాలి. గెలుపు ఎక్కువమందిని చంపడంలో లేదు. నేలమీద ఉన్నవాడికి కనిపించేది క్యాంపులో కూర్చున్న నాకు కనిపించదు. నా ఉద్దేశం గ్రహించండి. దారి మీరు చూసుకోండి."

అంత చెప్పిన మనిషి, తన పిల్లలు చస్తున్నారనేసరికి అన్నీ మరిచి, శత్రువు ఎదురుచూస్తున్న రోడ్డుమీదికే వస్తున్నాడు.

"తూముకి అడ్డదారి ఉందా ఉంగా?"

"వాగుల పడి పోవాలె. గొంతు లోతు నీళ్ళు. ఇద్దరమైతే కనపడం. ఎక్కువమందైతే అందరం సస్తం."

సన్యాసిరావు హవల్దార్ లచ్చును పిలిచి, మిగిలినవాళ్ళ బాధ్యత అప్పగించాడు. తూటాలు పొదుపుగా వాడమన్నాడు. జయరావు అంతా వింటున్నాడు. అతని చెయ్యి వచ్చి సన్యాసిరావు చొక్కా పట్టుకుంది.

"ఎల్లకురా బావా."

"అరగంటలో వచ్చీస్తాను."

"అబద్ధం. నన్నొగ్గేసి ఎల్లకురా. నాకు బయ్యంగా ఉంది."

ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడదీయవలసి వచ్చింది. అంత బలం అతనిలో ఇంకా ఎలా మిగిలిందో తెలియలేదు. సన్యాసిరావు వెనక్కి చూడకుండా వాగులోకి జారాడు.

ఎర్రమట్టి కలిసిన నీళ్ళు. తుపాకిని తలమీద పెట్టుకుని, ఒడ్డు నీడను పట్టుకుని ఇద్దరూ నడిచారు. రెండుసార్లు కాలు జారి సన్యాసిరావు మునిగిపోతే ఉంగ జుట్టు పట్టి లేపాడు. ఎంతసేపైందో తెలియదు. అరగంటైనా అయివుంటుంది. వంపు తిరగగానే ఎదురుగా తూము కనిపించింది. దానికి ఇవతల, పొదలో, ఇద్దరు మనుషులు రోడ్డువైపు చూస్తూ కూర్చున్నారు. ఒకడి చేతిలో తీగె కట్టిన మీట.

అప్పుడే దూరాన బళ్ళ మోత వినిపించింది.

ఆలోచించడానికి వ్యవధి లేదు. సన్యాసిరావు నీళ్ళలోంచే కాల్చాడు. ఒకడు ఒరిగిపోయాడు. రెండోవాడు బెదిరి చేతిలోని మీట నొక్కేశాడు. తూము పగిలి నింగికెగిరింది. రాళ్ళూ మట్టీ వాగులో వర్షంలా కురిశాయి. పొగ విడిపోయేసరికి వాడు అడవిలోకి పారిపోయాడు; మొదటి బండి ఇంకా రెండువందల గజాల అవతలే ఆగి ఉంది. అందులోంచి సత్యమూర్తి దిగాడు.

పరుగెత్తుకొస్తున్న సన్యాసిరావును చూసి, "నిన్ను కదలొద్దన్నాను కదయ్యా!" అని అరిచాడు. తర్వాత తూమున్నచోట పడ్డ గోతిని చూశాడు.

మూడు బళ్ళలో ముప్పై ఒక్కమంది. అందరూ బతికారు. కానీ ఇక రోడ్డును నమ్మడానికి లేదు. మందుపాతరల కోసం అడుగడుగూ పొడిచి చూసుకుంటూ అడవిలోంచి చుట్టు తిరిగి నడవాలి. "తొందరగా, తొందరగా" అని సన్యాసిరావు బతిమాలుతూనే ఉన్నాడు. నాలుగు కిలోమీటర్లకు మూడున్నర గంటలు పట్టింది. వేసిన ఎత్తు చెడిపోయిందని తెలిసి కొండమీదివాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. లోయలో లచ్చు లేచి నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గాయపడిన ఇద్దరూ రక్తం పోయి చనిపోయారు.

పది రోజులకు విచారణ జరిగింది. రాయ్‌పూర్ నుంచి వచ్చిన పెద్ద అధికారి ఫైలు తిప్పుతూ, "కదలొద్దని ఆదేశం ఉంది కదా?" అన్నాడు.

"ఉంది సర్."

"మరి?"

సత్యమూర్తి కుర్చీలోంచి లేచాడు. "ఆ ఆదేశం నా తప్పు సర్. నేను నేర్పిన పాఠం నేనే మరిచాను. అతను మరవలేదు. అలాగే రాసుకోండి."

సన్యాసిరావుకు ఆ మాటలు ఎవరి గురించో అన్నట్టు వినిపించాయి.

ఆ ఆదివారం మధ్యాహ్నం కిరండూల్ వెళ్ళి జయరావు ఇంటి ముందు నిలబడ్డాడు. జయరావు భార్య రత్నం తలుపు తీసింది. కూర్చోమనలేదు.

"ఆఖర్న ఏటన్నాడు అన్నియ్యా?"

ధైర్యంగా ఉన్నాడని చెబుదామని దారంతా అనుకున్నాడు.

"ఎల్లొద్దన్నాడమ్మా. బయ్యమేస్తందన్నాడు."

"నువ్వెల్లిపోనావు."

"ఎల్లిపోనాను."

రత్నం అతని మొహంలోకి చూసింది. "ఆ బళ్ళల్లో ఎవులెవులున్నారు? పేర్లు చెప్పు."

అతను చెప్పడం మొదలుపెట్టాడు. యేసుపాదం, గత నెలే కూతురు పుట్టింది. ఏలియా. డ్రైవర్ సుందర్. ఒక్కో పేరుకీ ఆమె తలూపుతూ, గడపమీద కూలబడింది. పద్దెనిమిదో పేరో, పంతొమ్మిదో పేరో అయ్యేసరికి చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"చాలు. ఇంక చెప్పకు."

సన్యాసిరావు ఆగాడు. ఆమె ఏడుపు నెమ్మదించేదాకా ఆ ఎండలో అలాగే నిలబడ్డాడు. వెళ్ళమని ఆమె అనలేదు, లోపలికి రమ్మనీ అనలేదు.