మడిచి విప్పిన దుప్పట్లు

నా నోటికి హెడ్‌మాస్టరు కూడా జడుస్తాడు. అలాంటిది, నా తరగతి పిల్లల్ని మాత్రం ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. బుద్ధి ఎదుగుదల తక్కువున్న పిల్లలు. ఇంకొకరికి పూటలో వచ్చేది వాళ్లకు ఏడాది పడుతుంది. బుజ్జమ్మకు దుప్పటి మడవడం నేర్పడానికి రెండేళ్లు పట్టింది. ఒకటి మడిచి నా వంక చూసేది. నేను "బాగుంది" అంటేనే రెండోది అందుకునేది. అది చూసి మురిసిపోయేదాన్ని, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పందొమ్మిదేళ్లు నిండి దాని బడి అయిపోయింది. ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచే పని దొరికింది. వారం చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు.

"నా తర్వాత ఇది తన కాళ్ల మీద నిలబడాలంటే ఇదొక్కటే దారి టీచరుగారూ" అంది వాళ్లమ్మ.

"దుప్పట్లలో మీ అమ్మాయిని మించినవాళ్లు లేరమ్మా" అని గొప్పలు పోయాను.

నాలుగో రోజే లాండ్రీ నుంచి ఫోను వచ్చింది. పరుగున వెళ్లాను. ఆవిరి, యంత్రాల హోరు. సూపర్‌వైజరమ్మ చెడ్డ మనిషేం కాదు.

"ఒకటి మడిచి నిలబడిపోతుందండీ. కాసేపాగి దాన్నే విప్పి మళ్లీ మొదలెడుతుంది. రోజుకు పది కూడా అవట్లేదు. పైన రోగులు వట్టి పరుపుల మీదున్నారు. రేపట్నుంచి వేరే ఆవిడ వస్తోంది."

నాకు ఒళ్లు మండింది. ఆమెను దులిపేద్దామనుకుని, ముందు పిల్లనే అడిగాను.

"వచ్చిన పనే కదే, ఎందుకు విప్పావు?"

"మీరు లేరు కదా టీచర్. ఎవరూ బాగుంది అనలేదు. బాగా రాలేదేమోనని మళ్లీ మడిచా."

ఎవరూ మెచ్చకపోయినా పని సాగించాలని రెండేళ్లలో ఒక్కపూటైనా నేర్పానా? తప్పు నాదేనని, ఇంకో వారం ఇమ్మని ఆమెను బతిమాలాను. జన్మలో ఎవరినీ బతిమాలని దాన్ని.

"అవతల మాటిచ్చేశానండీ" అంది తల దించుకుని. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

బుజ్జమ్మను తీసుకుని వాళ్లింటికి వెళ్లేసరికి వాళ్లమ్మ గుమ్మంలోనే ఉంది.

"చెడగొట్టింది నేనేనమ్మా" అన్నాను.

నాలుగు తిట్టినా బాగుండేది. నాకు కుర్చీ వేసి, "మీరు మాత్రం ఏం చేస్తారండీ, దాని రాత" అంది.

"నేనే సరిగ్గా మడవలేదమ్మా" అంది బుజ్జమ్మ.

లేదే, చక్కగా మడిచావని ఎంత చెప్పినా, ఆ రోజు అది నా మాట నమ్మలేదు.