గోతం కింది రాయి

ఖాళీ సంచి కాటా మీద పెట్టి, అంకె సున్నాకి తెచ్చి, అప్పుడు సున్నం పోయించాడు కృపాదానం. పోసింది కాస్త ఎక్కువైంది. గరిటెతో కొంచెం తీసి, మళ్ళీ అందులోంచి చిటికెడు వేసి, ఇరవై ఐదు కిలోల దగ్గర అంకె నిలబడ్డాక "కుట్టెయ్ రఫీకూ" అన్నాడు. పిడుగురాళ్ల సున్నం బట్టీలో ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. అతను తూచిన బస్తాని ఏ ఊరి కొట్టువాడూ మళ్ళీ తూచుకోడు. ఆ సంగతి పదిమందిలో చెప్పుకోవడానికి అతనికేమీ మొహమాటం లేదు. మనిషన్నాక ఒక్క గొప్పయినా ఉండొద్దూ!

కాకపోతే ఇప్పుడు నిలబడి తూచలేడు. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని తూస్తాడు. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఒళ్ళంతా చిక్కి పొట్ట మాత్రం బిర్రుగా ముందుకొచ్చింది. పదిహేను రోజులకోసారి గుంటూరు పోయి అందులో నీరు తీయించుకోవాలి. కళ్ళు పచ్చన. తినేది ఉప్పులేని కూడు. "తాగి తాగి కాలేయం కాల్చుకున్నాడు" అంది ఊరు. చుక్క ముట్టని మనిషి! ఎప్పుడో రక్తంలో చేరిన వైరస్ చేసిన నిర్వాకం అదంతా. ఎంతమందికని చెబుతాడు? విసుగొచ్చి చెప్పడమే మానేశాడు.

కాలేయం మార్చాల్సిందేనని, ఇంట్లోవాళ్ళెవరైనా తమ దాంట్లోంచి ముక్క ఇస్తే ఇద్దరిలోనూ అది మళ్ళీ పెరుగుతుందని హైదరాబాదు డాక్టరు చెప్పాడు. భార్య దీవెనమ్మ రక్తం కలవలేదు. తమ్ముడికి షుగరు. కూతురు షెర్లీది ఇంకా పదో తరగతి. చట్టం ఒప్పుకోదు, ఒప్పుకున్నా తండ్రి ఒప్పుకోడు. మిగిలింది చెల్లెలు సువార్త. జానపాడు బడిలో మధ్యాహ్నం భోజనాలు వండుతుంది. ఆమె రక్తం కలిసింది గానీ కాలేయానికి కొవ్వు పట్టి ఉంది. డెబ్బై ఎనిమిది కిలోల మనిషి డెబ్బైకి దిగి వస్తే అప్పుడు చూద్దామన్నారు.

అంతే, సువార్త అన్నం మానేసింది. రోజూ సాయంత్రం బడి వదిలాక జానపాడు నుంచి బట్టీ దాకా నడిచొచ్చి, బస్తాల కాటా ఎక్కి బరువు చూసుకునేది. డెబ్బై ఆరు. డెబ్బై నాలుగు. అంకె దిగుతున్నకొద్దీ కృపాదానానికి గుండెల్లో రాయి పడసాగింది. తల్లి పోయినప్పుడు దానికి ఏడాది నిండలేదు. ఏడేళ్ళ తను చంకనేసుకుని తిప్పిన పిల్ల. ఇప్పుడు దానికిద్దరు బిడ్డలు. తను పోతే ఒక్క ఇల్లే దీపం లేనిదవుతుంది. కత్తి కింద దానికేమైనా అయితే?

అందుకని ఆరు వారాలుగా ఒక పని చేస్తున్నాడు. చెల్లెలు వచ్చే వేళకి, ఆమె తగ్గేకొద్దీ కాస్త పెద్దది చూసి, కాలని బూడిదరంగు సున్నపురాయి ఒకటి తెచ్చి కాటా మీద పరిచిన గోతం మడత కింద దోపుతున్నాడు. ఆమె దిగగానే, రాయి బరువు కనపడకుండా మిషను ఆపేస్తున్నాడు. అంకె డెబ్బై రెండు దగ్గరే ఆగిపోయింది. విసిగి తనే మానుకుంటుందిలే అనుకున్నాడు. మానుకోలేదు సరికదా, రాత్రి పూట తినే జొన్నరొట్టె కూడా మానేసింది. లోపలికి పోయిన ఆ బుగ్గలు చూస్తే అతనికి తన మీద తనకే అసహ్యం వేసేది. అయినా రాయి మాత్రం తీయలేకపోయాడు.

నాలుగున్నరకి సువార్త వచ్చింది. చెప్పులు విడిచి, కొంగున ముడేసిన తాళంచెవి తీసి పక్కన పెట్టి కాటా ఎక్కింది.

"ఎంత?"

"డెబ్బై రెండు."

ఆమె దిగలేదు. "రఫీకన్నా, కాసేపట్టా పోయి టీ తాగిరా" అంది. రఫీక్ వెళ్ళాక వంగి, గోతం ఎత్తి, రాయి తీసి అన్న ఒళ్ళో పెట్టింది. అంకె గబగబా దిగి అరవై తొమ్మిది కిలోల ఎనిమిది వందల దగ్గర నిలబడింది.

"ఇరవై రెండేళ్ళు ఊరందరికీ సరిగ్గా తూచావు. తప్పు తూకానికి చెల్లెలే దొరికిందా?"

కృపాదానం ఒళ్ళోని రాయిని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఎప్పట్నుంచి తెలుసే?"

"పదిహేను రోజుల్నుంచీ. బడిలో పిల్లకాయల్ని తూచే మిషనుందిలే. నువ్వే తీస్తావేమోనని చూస్తన్నా. ఏందీ, తీసే ఊసే లేదు! సోమారం మా ఆయన్ని తీసకొని హైదరాబాదు పొయ్యొచ్చా. కొవ్వు కరిగిందంట, అన్నీ బాగున్నయ్యంట. రేప్పొద్దున చేర్చుకుంటారు. ఇయ్యాల ఆరున్నర బస్సు. వదిన బట్టలు సర్దేసింది."

"నీకేదన్నా అయితేనో?"

"అమ్మ పోయినప్పుడు నన్నెత్తుకున్నావే, ఎంత బరువుందో తూచి ఎత్తుకున్నావా?"

అతనికి ఏడుపు ఆగలేదు. చేతుల నిండా సున్నం, తుడుచుకోవడానికి కూడా లేదు. సువార్తే కొంగుతో కళ్ళు తుడిచింది.

"నే రానంటే?"

"రాకపోతే ఎత్తకపోతా. ఆ పొట్టలో నీళ్ళు తీసేస్తే నువ్వు రెండు బస్తాలుండవు."

ఏడుస్తూనే నవ్వాడు కృపాదానం. రాయి పక్కన పెట్టి, మిగిలిన ఐదు బస్తాలూ తూచాడు. టీ తాగి వచ్చిన రఫీక్ చేతికి గరిటె ఇచ్చాడు. "నెలో రెణ్ణెల్లో పట్టుద్ది. నేనొచ్చిందాకా పది గ్రాములు కూడా తేడా రానియ్యమాక" అన్నాడు. చెల్లెలి భుజం మీద చెయ్యేసి, వాచిన పాదాలతో మెల్లగా గేటు దాటాడు. మధ్యలో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

స్టూలు పక్కన రాయి చూసి పారేయబోయాడు రఫీక్. ఎందుకో ఆగి కాటా మీద పెట్టాడు. రెండు కిలోల రెండు వందలు. ఇదెందుకు దాచుకున్నాడో అతనికి అర్థం కాలేదు. ఆయన వస్తువు, ఆయనే వచ్చి చూసుకుంటాడులే అనుకుని తీసి ఖాళీ స్టూలు మీద పెట్టాడు. సున్నం అంటిన అన్నాచెల్లెళ్ళ వేళ్ళ గుర్తులు దాని మీద ఇంకా తెల్లగా ఉన్నాయి.