వాండా కూర్చుంటే ఓడతాం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. టొలీడో ఊరి బాస్కెట్‌బాల్ జట్టు బ్లోయర్స్ ఇంట్లోనే ఓడారు. ప్లేఆఫ్ సిరీస్‌లో మొదటి ఆట, సొంత కోర్టు, ఊరు ఊరంతా ఎర్రచొక్కాలు తొడుక్కుని గొంతు చించుకుంది. అయినా బఫలో వాళ్లు వచ్చి, శుభ్రంగా మట్టి కరిపించి, విమానమెక్కకుండా ఇక్కడే హోటల్లో కూర్చున్నారు, రెండో ఆట కూడా ఎత్తుకుపోదామని. మర్నాడు ఊళ్లో ఎవరి మొహం చూసినా విరిగిన పాలలా ఉంది. కానీ ఆశ అంత తేలిగ్గా చచ్చే జీవి కాదు. ఏడింట్లో నాలుగు గెలవాలి, పోయింది ఒక్కటేగా అని మధ్యాహ్నానికల్లా లెక్కలు మొదలయ్యాయి.

లెక్కలతో పాటు తప్పెవరిదో కూడా తేలాలి. లెన్ నోవిట్స్కీ ఇంట్లో అది తేలడానికి ఎంతోసేపు పట్టలేదు.

"వాండా కూర్చుంది," అన్నాడు స్టాష్. గాజు ఫ్యాక్టరీలో లెన్ పక్కనే కొలిమి సెగ కాచుకుంటూ ముసలివాడైన మనిషి. "ఈ ఇంట్లో ఆట నడుస్తుంటే వాండా కూర్చోగా ఎప్పుడైనా చూశామా? ఏమే, నిన్న సోఫాలో మీ నాయన పక్కన చేరావు. అయిపోయాం!"

వాండా లెన్ కూతురు. చిన్నప్పుడు ఓ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తుంటే బ్లోయర్స్ ఓడిపోయే ఆట గెలిచారు. అంతే, ఆనాటి నుంచి ఆమె చోటు ఆ గుమ్మం. తల్లి పోయింది, వాండాకి నలభై దాటాయి, చోటు మాత్రం మారలేదు. ఆమె కూడా ఏనాడూ అడ్డు చెప్పలేదు. ఆటంటే ఆమెకీ ప్రాణమే.

"చేతిలో బంతి నిలవనిది వాళ్లకి. మధ్యలో నేనేం చేశాను బాబాయ్?"

"అదే నేనూ అడుగుతున్నా. ఎందుకు నిలవలేదంటావ్?" అన్నాడు స్టాష్.

పక్కింటి రూబెన్ గంభీరంగా తలూపాడు. "పాయింటే కదా మరి."

పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు. వీళ్లు ఆ బాపతే.

ఆమె ఎందుకు కూర్చుందో లెన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన గుండెకి పోయే నాళాలు పూడుకుపోయాయి, ఆపరేషన్ వాయిదా వేయొద్దు అని డాక్టర్ గట్టిగా చెప్పింది. లెన్ వింటేనా? "మనవాళ్ల ఆఖరి ఆట అయిన మర్నాడు చేరతా," అన్నాడు. స్నేహితులకి చెప్పొద్దని కూతురి చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. మొదటి ఆట రోజు ఆయన మొహంలో రంగు బాగోలేదు. అందుకే గుమ్మం వదిలి వెళ్లి పక్కన కూర్చుంది.

ఆట పోయినప్పుడు అందరూ తలలు పట్టుకుంటే, వాండాకి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇంకో మూడు ఓడితే చాలు, వచ్చే వారం నాన్న ఆసుపత్రిలో ఉంటాడు. ఆ ఆలోచన తనదేనని తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది. బుద్ధెరిగాక బ్లోయర్స్ ఓడాలని కోరుకోవడం అదే మొదలు.

రెండో ఆట సాయంత్రం స్టాష్ కీల్బాసా సాసేజ్‌లు పట్టుకొచ్చాడు. రూబెన్ అచ్చొచ్చిందని ఉతకని చొక్కాతో వచ్చాడు, కంపు కొట్టినా ఎవరూ మూతి తిప్పలేదు. వాండాని భుజాలు పట్టుకుని మరీ గుమ్మంలో నిలబెట్టారు. ఇంక చూడాలి, బ్లోయర్స్ చెలరేగిపోయారు. టిబ్స్ అనే కుర్రాడు ఎక్కణ్ణుంచి విసిరినా బంతి వలలోనే పడింది.

"చెప్పానా! కదలకే తల్లీ, కదలకు!" అని అరిచాడు స్టాష్.

లెన్ కూడా అరుస్తున్నాడు. అరిచిన ప్రతిసారీ చెయ్యి ఎడమ భుజం మీదికి పోతోంది, పోయినట్టు ఆయనకే తెలియడం లేదు. వాండా చూస్తూ నిలబడింది. సగం ఆట అయ్యాక ఇంక నిలబడలేకపోయింది. వచ్చి సోఫాలో తండ్రి పక్కన కూర్చుంది.

"ఏయ్, ఏయ్! ఏం చేస్తున్నావ్ నువ్వు?"

"కాళ్లు నొప్పిగా ఉన్నాయి బాబాయ్."

బఫలో వాళ్లు వరసగా మూడు బుట్టలు వేశారు. రూబెన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. స్టాష్ ఆమె వైపు చూసిన చూపులో పరాచికం లేదు. తనని ఎత్తుకు తిరిగిన బాబాయ్ అలా చూస్తాడని వాండా ఎన్నడూ అనుకోలేదు. భయమేసింది. అయినా లేవలేదు. ఇంకో బుట్ట పడింది. పడాలనే కోరుకుంది.

లెన్ టీవీ మీంచి చూపు తిప్పి కూతుర్ని చూశాడు.

"లే అమ్మడూ."

"నాన్నా..."

"నువ్వెందుకు కూర్చున్నావో నాకు తెలుసు." గొంతు బాగా తగ్గించాడు. "నా కోసం వాళ్లని ఓడించకు. లే."

ఇన్నాళ్లూ ఈ పిచ్చిని చూసి నవ్వుకున్న తనే ఇప్పుడు దాన్ని నమ్ముతోందని వాండాకి అప్పుడు తెలిసింది. నాన్న మాట కాదనలేక లేచింది. గుమ్మంలో కూడా ఆగకుండా లోపలికి పోయి, పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

చివరి క్షణాల్లో ఇల్లు పగిలిపోయేలా కేకలు. గెలిచారు. స్టాష్ గొంతు వినపడింది, రూబెన్ గొంతు వినపడింది. గెలిచిన ప్రతిసారీ లెన్ రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేస్తాడు, వీధి చివరిదాకా వినపడుతుంది. వాండా ఆ ఈల కోసం చెవులు రిక్కించింది. వచ్చింది, సన్నగా. సగంలో దగ్గయిపోయింది.

ఆమె పరిగెత్తుకొచ్చేసరికి లెన్ సోఫాలో వెనక్కి వాలి ఉన్నాడు. నుదుటి మీద చెమట. పెదాలు బూడిద రంగుకి తిరిగాయి. అయినా నవ్వుతున్నాడు.

"సమానం అయ్యాం అమ్మడూ. ఇంకా... కనీసం... మూడాటలు."

"కప్పు వచ్చేదాకా ఈ పిల్ల వంటింట్లోంచి కదలడానికి వీల్లేదు!" అన్నాడు స్టాష్, ఆనందం పట్టలేక, లెన్ మొహం వైపు చూడకుండానే.

వాండా వంటింట్లోంచి కుర్చీ ఈడ్చుకొచ్చింది. తండ్రి మోకాళ్లకి తన మోకాళ్లు తగిలేలా వేసుకుని కూర్చుంది.

"మూడో ఆటకి నేనిక్కడే కూర్చుంటాను. నాలుగో ఆటకీ ఇక్కడే," అంది.

స్టాష్ తిట్టాడు. రూబెన్ దండం పెట్టాడు. లెన్‌కి ఇంకా ఊపిరి అందలేదు.