ఇసుకలో నిలవని మొక్క

మాఘమాసం రెండో గురువారం, పొద్దున ఆరుంబావుకు, ఎల్బీ నగర్‌లోని కిరాయి ఇంట్లో సుమిత్రమ్మ దేవుడి దీపం వెలిగించి ఇటు తిరిగేసరికి, చేపల తొట్టిలో మొక్క మళ్లీ పైకి తేలి ఉంది. ఆ వారంలో అది నాలుగోసారి. వేళ్లు ఇసుకను వదిలేసి, గోడ వారన ఆమె మంచం ఉన్న వైపు వచ్చి ఆగింది.

కోడలు సంధ్యారాణి స్నానం చేసి వచ్చి చూసింది. మోచేతి దాకా చేయి ముంచి, ఇసుకలో గుంట చేసి, మొక్కను లోపలికంటా నొక్కింది.

ఆ తొట్టి సుమిత్రమ్మ కొడుకు శ్రీనివాస్ పెట్టింది. ఏటి ఇసుక తెచ్చి, నీళ్లు తేటగా వచ్చేదాకా పన్నెండు బకెట్లు పోసి కడిగాడు. "ఇసుకల ఏం బలముంటదిరా, మన్ను పొయ్యి" అని తండ్రి సీతారాములు అంటే, "మన్నేస్తే నీళ్లు మురికైతయి నాయినా. వేర్ల కాడ ఇంత ఎరువు గోలి గుచ్చితే సాలు" అన్నాడు. గడ్డిలా పొడుగు ఆకులున్న మొక్కను తన చేత్తో నాటాడు. రెండు నెలలకు జ్వరం వచ్చి పోయాడు.

పదకొండో రోజు నుంచి ఆ ఆకులు సంధ్యారాణి ఎటు పోతే అటు తిరగసాగాయి. ఆమె వంటింట్లో ఉంటే వంటింటి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణానికి పోతే పొద్దంతా గుమ్మం వైపు. కింది వాటా మాలతి మెట్లెక్కి వస్తూనే తొట్టి చూసి, "సీనన్న వంటింటి దిక్కు తిరిగిండు, వదిన ఇంట్లనే ఉన్నట్టుంది" అనేది. అట్లా మూడేళ్లు.

తల్లి వైపు మాత్రం ఒక్క ఆకూ తిరగలేదు. ఆ మాట సుమిత్రమ్మ దేవుడికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఆ నీళ్లలో వేలు కూడా పెట్టలేదు.

సంధ్యారాణికి అమ్మానాన్నలు లేరు. అందుకే, దుకాణంలో ఆమెతో పనిచేసే అరుణ్‌కుమార్‌కు ఆమెను చేసుకుంటామని అతని తల్లి లలితమ్మ నేరుగా అత్తమామలనే అడిగింది. నెమ్మదైన మనిషి, భార్య పోయి ఐదేళ్లు. గురువారం నాలుగింటికి వస్తాను, మాట చెప్పండి అంది. ఆమె అడిగిపోయిన మర్నాటి నుంచే మొక్క ఇసుకలో నిలవడం లేదు.

"ఆయనకు ఇష్టం లేదత్తమ్మా," అంది సంధ్యారాణి చేయి తుడుచుకుంటూ. "చూస్తనే ఉన్నరు గద. ఒద్దని చెప్పుండ్రి ఆమెకు."

"వాని మాట వాడు చెప్పిండు. ఇగ మనమేమంటం," అన్నాడు సీతారాములు.

సుమిత్రమ్మ "ఊఁ" అంది. అబద్ధం ఆడే ఆడది కాదు. కానీ ఆ "ఊఁ" ఎంతో సులువుగా వచ్చింది. కోడలు ఇంట్లోనే ఉండిపోతుంది. అంతకంటే ఏం కావాలి?

అందరూ పనులకు వెళ్లాక జపమాల పట్టుకుని కూర్చుంది. మనసు నిలవలేదు. లేచి తొట్టి దగ్గరికి వెళ్లింది. ఆకుల మొదళ్లు పసుపెక్కి మెత్తబడ్డాయి. పదేళ్ల వయసు నుంచి నల్లగొండ పొలాల్లో నాట్లేసిన మనిషికి అది తెలియనిది కాదు. ఆకులు పుట్టుకొచ్చే మొగి మునిగేలా నాటిన నారు కుళ్లుతుంది. వేరు లోపలుండాలి, మొగి పైనుండాలి. కోడలు భయంతో రోజురోజుకూ ఇంకా లోతుగా పూడుస్తోంది. ఈ సంగతి సుమిత్రమ్మకు మొదటి రోజే తెలుసు. తేలిన ప్రతిసారీ అది తన మంచం వైపే వచ్చిందనీ తెలుసు. తెలిసీ నాలుక కింద దాచుకుంది.

"రామా, తప్పు చేస్తున్న," అని గాజులు పైకి తోసి చేయి నీళ్లలో పెట్టింది.

ఇసుకను మెల్లగా జరిపితే మొక్క తనంత తానే వచ్చింది. ఒక సన్నటి వేరు ఆమె చిటికెన వేలికి చుట్టుకుంది. చిన్నప్పుడు గడ్డిఅన్నారం మార్కెట్ జనంలో వాడు పట్టుకున్నట్టే, గట్టిగా. ఆమె కాసేపు అట్లాగే ఉండి, తన మంచం పక్క మూలలో, మొగి ఇసుక పైకి ఉండేలా నాటింది.

"ఈడ ఉండు బిడ్డా. దాన్ని పోనీ. నేనున్న గద."

ఆకులు ఒక్కొక్కటే ఆమె వైపు తిరిగాయి. చివరి ఆకు కొంచెం ఆలస్యం చేసింది.

మూడింటికి సంధ్యారాణి వచ్చింది. వంటింట్లోకి పోయింది, బయటికి వచ్చింది, గుమ్మం దాకా నడిచింది. ఆకులు కదల్లేదు.

"అత్తమ్మా, ఏం చేసిండ్రు?"

"సరింగ నాటిన. నువ్వు మొగి దాక పూడ్చినవ్ బిడ్డా. వాడు ఒద్దనలే. ఊపిరాడక బయటికొచ్చిండు, గంతే." సుమిత్రమ్మ గొంతు తగ్గింది. "నాకు నాలుగు రోజుల సంది ఎరుకే. నువ్వు పోతవని చెప్పలే."

సంధ్యారాణి కింద కూర్చుని అత్త ఒళ్లో తల పెట్టుకుంది. నాలుగింటికి లలితమ్మ వచ్చేదాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు.

"ఏమంటరు ఒదినె?" అని లలితమ్మ అడిగితే, సుమిత్రమ్మ కోడలి ముఖం చూసింది. సంధ్యారాణి తొట్టి వైపు ఒకసారి చూసి, సరేనని తల ఊపింది. పెళ్లి ఫాల్గుణంలో అనుకున్నారు.

మర్నాడు పొద్దున దీపం పెట్టాక కోడలు బకెట్, పైపు తెచ్చింది. నాలుగో వంతు నీళ్లే మార్చాలని, ఇసుక నల్లబడకుండా పుల్లతో కదపాలని, ఎరువు గోలీ వేళ్ల పక్కనే గుచ్చాలని చేసి చూపించింది. పైపు పీల్చబోయి సుమిత్రమ్మ నోటినిండా నీళ్లు తెచ్చుకుంది.

"అన్నీ నువ్వే తాగేస్తవా ఏంది, చేపలకు జర ఉంచు," అన్నాడు సీతారాములు.

సుమిత్రమ్మ మూతి తుడుచుకుని పైపు కోడలి చేతికిచ్చింది.

"ఒక్కపారికి నాకు రాదు బిడ్డా. రేపు మళ్ల చూపియ్యి. ఎల్లుండి గుడ. ఫాల్గుణం దాక ఉంటవు గద."