అత్తగారి పన్ను, అందరి నీళ్ళు

సాయంత్రం కోడలు పని నుంచి వచ్చి చెప్పులు విడిచేసరికి అత్తగారు మేడ మీదికి బయల్దేరుతూ ఉండేది. గుక్కెడు నీళ్ళు పుక్కిలించి, చేతిరుమాలుతో పెదాలు ఒత్తుకుని, మోకాళ్ళని తిట్టుకుంటూ మెట్లన్నీ ఎక్కి, ట్యాంకు పక్కన నిలబడి ఈల వేసేది. పొడుగ్గా, సన్నగా, మధ్యలో చిన్న విరుపుతో ఒకే ఒక్క ఈల. కింద సంపులో నీళ్ళు ఒకసారి కదిలి, పైపులో గుడగుడమంటూ పైకెక్కి ట్యాంకులో పడేవి. ట్యాంకు నిండగానే ఆవిడ నోరు మూసుకునేది, నీళ్ళు ఆగేవి. ఆ తర్వాత కిందికి దిగి పొయ్యి వెలిగించేది.

ఆ బిల్డింగ్ కట్టినప్పుడు మోటారు కోసమని కింద ఒక చిన్న గది కట్టారు. ఈల ఉండగా మోటారెందుకని ఎవరూ కొనలేదు. ఆ గదిలో సెక్రెటరీగారు తన పాత సైకిలు పెట్టుకున్నాడు. సెక్రెటరీ అంటే అదేదో పెద్ద హోదా కాదు. ఫ్లాట్ల వాళ్ళ మీటింగులకి కుర్చీలు వేయించడం, ఆ కుర్చీల్లో కూర్చున్న వాళ్ళెవరూ వినని మాటలు చెప్పడం ఆయన పని. ఆయనతో సహా అందరూ ఆవిడని ఈల పిన్ని అనేవాళ్ళు. కరెంటు పోయినా మాకు నీళ్ళకి లోటు లేదని కొత్తగా అద్దెకొచ్చే వాళ్ళ దగ్గర గొప్పలు పోయేవాళ్ళు. ఆ గొప్పలో తమ చెయ్యి ఎంతుందో మాత్రం ఒక్కరూ ఆలోచించిన పాపాన పోలేదు.

కోడలు పనిచేసేది పళ్ళ ల్యాబ్‌లో. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డ పళ్ళ మీద మైనంతో రూపం దిద్ది, పింగాణీ క్యాపులు చేసి కాల్చి మెరుగు పెడుతుంది. ఊళ్ళో సగం మంది నవ్వులు నీ చేతి మీదుగా వెళ్ళినవేనని భర్త ఆటపట్టించేవాడు. అతను దూరపు రూట్ల బస్సు డ్రైవరు, ఇంటి పట్టున ఉండేది తక్కువ. ఉండేదల్లా అత్తాకోడళ్ళిద్దరే. వీళ్ళకి ఎప్పుడు చెడుతుందా అని ఎదురుచూసి చూసి పక్కింటావిడకి విసుగొచ్చింది.

చిక్కంతా అత్తగారి పై వరసలో ముందు పన్నుతో వచ్చింది. కొన్నేళ్ళ కిందట ఆ పన్ను పుచ్చి సలుపు పెడితే రూట్ కెనాల్ చేయించారు. డాక్టరమ్మ తన పని శుభ్రంగా చేసి, "ఇది తాత్కాలికంగా పెట్టిన సిమెంటమ్మా, వెంటనే క్యాప్ వేయించుకోండి" అని మరీ మరీ చెప్పింది. క్యాప్ చేసేది ఇంట్లోనే ఉంది కదా, ఇంకేం అనుకున్నారు. కానీ క్యాప్ పెట్టుకుని ఈల వేస్తే నీళ్ళకి ఆ ఈల నచ్చాలి కదా.

కోడలు చేసిన మొదటి క్యాప్‌తో ఈల వేస్తే నీళ్ళు మొదటి అంతస్తు దాకా వచ్చి, ఇంక మావల్ల కాదన్నట్టు ఆగిపోయాయి. రెండోదానితో ట్యాంకు నిండింది గానీ నీళ్ళు సలసలా కాగుతూ వచ్చాయి. పై అంతస్తు లెక్కల మాస్టారు ఒక్కడే సంతోషించాడు, గీజరు ఆపేసుకోవచ్చని. మూడోదానితో వీధికి అవతలి బిల్డింగ్ సంపులో నీళ్ళు లేచి, గాల్లోంచి వీధి దాటి వచ్చి వీళ్ళ ట్యాంకులో పడ్డాయి. అవతలి వాళ్ళు బిందెలు పట్టుకుని పోట్లాటకొచ్చారు. ఇలా చేస్తూ, తీస్తూ, మళ్ళీ చేస్తూ ఉండగా నెలలు గడిచిపోయాయి. ఆ నెలలన్నీ అత్తగారు ఆ తాత్కాలిక సిమెంటుతోనే నమిలింది. చివరికి వెనక అంచు వెంట్రుకవాసి పొట్టిగా వదిలేసిన క్యాప్ ఒకటి కుదిరింది. నీళ్ళు బుద్ధిగా ఎక్కాయి. అంచు అలా పొట్టిగా వదిలితే ఆ సందులోంచి ఎంగిలి లోపలికి దిగుతుందని కోడలికి తెలుసు. ల్యాబ్‌లో ఎవరైనా అలా చేస్తే తనే వెనక్కి పంపేది. కానీ బిల్డింగ్ అంతా మెట్ల మీద నిలబడి చప్పట్లు కొడుతుంటే నోరు పెగల్లేదు.

ఆ చప్పట్లకి ఫలితం ఇప్పుడు కనిపించింది. ఒక పొద్దున అత్తగారు లేచేసరికి పై పెదవి ఉబ్బిపోయి ఉంది. చిగురు మీద తెల్లటి పొక్కు లేచింది. నొక్కితే చీము.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి దీపానికి ఎత్తి చూపించింది. వేరు కొసన మిరియపు గింజంత నల్లమచ్చ. కోడలికి వివరించనక్కర్లేదు. అంచులోంచి, అంతకుముందు సిమెంటులోంచి ఏది ఎటు కారిందో చూడగానే అర్థమైంది. తల తిప్పుకుంది.

"రూట్ కెనాల్ పాడైందమ్మా" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు మూడు దారులున్నాయి. క్యాప్ పగలగొట్టి, లోపలి పాత మందంతా తీసి, మళ్ళీ కడిగి నింపి, కొత్త క్యాప్ వెయ్యడం ఒకటి. క్యాప్ ముట్టుకోకుండా పైన చిగురు కోసి, వేరు కొస కాస్త కత్తిరించి మూసెయ్యడం ఇంకోటి. ఇవేవీ వద్దనుకుంటే పన్ను పీకి ఇంప్లాంట్ పెట్టడం."

"నీ పన్నైతే ఏం చేస్తావమ్మా?" అని అడిగింది అత్తగారు.

డాక్టరమ్మ ఎక్స్‌రే మళ్ళీ దీపానికి ఎత్తింది. "మళ్ళీ తెరిచి చేస్తాను. కారుతున్నది క్యాప్ దగ్గర. అది అలాగే ఉంచి కొసన మూస్తే కొన్నాళ్ళకి మళ్ళీ నా దగ్గరికే వస్తారు. అప్పటికి పన్ను మిగలదు. కానీ తెరిస్తే కొత్త క్యాప్ సందు లేకుండా బిగుతుగా వెయ్యాలి. మీ ఈల సంగతి నేను చెప్పలేను. మా అమ్మా వాళ్ళూ మీ వీధిలోనే ఉంటారు, ఆ ఈలకి నీళ్ళెక్కడం నాకు తెలుసు."

మచ్చ సంగతి బిల్డింగ్‌లో ఎలా తెలిసిందో గానీ, వీళ్ళు ఇల్లు చేరేసరికి కింద కుర్చీలు వేసి ఉన్నాయి. సెక్రెటరీ గొంతు సవరించుకుని, పిన్నిగారి ఆరోగ్యమే మాకు ముఖ్యమని మొదలుపెట్టి, ఆ ముక్క మళ్ళీ ఎత్తకుండా నీళ్ళ గురించి చాలాసేపు మాట్లాడాడు. లెక్కల మాస్టారు లేచి, క్యాప్ కదపకుండా చేసే పద్ధతి ఉండగా కదిపే పద్ధతి ఎందుకని అడిగాడు. పక్కింటావిడైతే, చిగురు కోస్తే నొప్పే ఉండదట, మా తోడికోడలికి కోశారు అంది. ఆ తోడికోడలికి కోసింది కాలి మీద గడ్డ అని కోడలికి తెలుసు. చేతులెత్తమంటే అందరూ చిగురు కోయడానికే చేతులెత్తారు. ఎవరి చిగురో వాళ్ళని మాత్రం అడగలేదు.

అత్తగారు అంతా విని, "సరే, ఆలోచిస్తాను" అని లేచింది. ఆ సాయంత్రం వాచిన పెదవితోనే మేడెక్కి ఈల వేసింది. దిగేటప్పుడు గోడ పట్టుకుని మెట్టుమెట్టుకీ ఆగింది. కోడలు కింద నుంచి చూస్తూ ఉండలేకపోయింది.

భోజనాల దగ్గర అత్తగారు అన్నం మెత్తగా పిసుక్కుని ఒక పక్కనే నములుతోంది.

"తప్పు నాదత్తయ్యా" అంది కోడలు. "ఆ అంచు నేను అలా వదలకుండా ఉండాల్సింది."

"వదలమన్నది ఎవరు? నేను. వదిలితే చప్పట్లు కొట్టింది ఎవరు? వాళ్ళు. మధ్యలో నువ్వెందుకు ఏడవడం?" అత్తగారు మజ్జిగ గ్లాసు దగ్గరికి జరుపుకుంది. "అది సరే గానీ, నువ్వు మొహమాటం లేకుండా ఒక క్యాప్ చెయ్యగలవా? ఈల గీల మర్చిపోయి, ఎవరికో ముక్కూ మొహం తెలియని మనిషికి చేసినట్టు?"

"చెయ్యగలను. కానీ నీళ్ళు..."

"పన్ను నాదమ్మాయ్. నీళ్ళు అందరివి. ముందు నా సంగతి చూడు."

కోడలు అన్నం కలపడం ఆపి ఆవిడ వైపు చూసింది. ఆ ఈల లేకపోతే అత్తగారు ఆ బిల్డింగ్‌లో మామూలు ముసలావిడ. మెట్ల మీద ఎదురైతే పక్కకి జరిగేవాళ్ళుండరు, కూరల సంచి అందుకునేవాళ్ళుండరు. అది ఆవిడకి తెలియక కాదు. తెలిసీ, ఇంకో ముద్ద కలుపుకున్నంత తేలిగ్గా చెప్పేసింది. తనకైతే ఇంత ధైర్యం ఏ జన్మకీ రాదనిపించింది కోడలికి.

క్యాప్ పగలగొట్టించుకున్నారు. పన్ను లోపల కడిగి, మందు పెట్టి, ఆరే దాకా ఆగి, మళ్ళీ కడిగారు. ఈసారి అత్తగారు ఒక్క సిట్టింగూ ఎగ్గొట్టలేదు. పని పూర్తయ్యేదాకా ఈల వెయ్యొద్దని డాక్టరమ్మ చెప్పడంతో, అన్నాళ్ళూ బిల్డింగ్ జనం సంపులోంచి తోడుకుని బకెట్లు మోశారు. సెక్రెటరీ నడుం పట్టుకుని మూలిగాడు. లెక్కల మాస్టారు స్నానం రోజు విడిచి రోజుకి మార్చుకున్నాడు. పక్కింటావిడ ఎదురైనప్పుడల్లా "ఎప్పటికవుతుంది పిన్నిగారూ?" అని అడిగేది గానీ, నొప్పి తగ్గిందా అని అడగలేదు. అయినా అత్తగారు ఎవరినీ ఒక్క మాట అనలేదు. పైగా బరువు మోస్తున్నారు పాపం అని, మెట్ల మలుపులో కూర్చోవడానికి తన పీట తెచ్చి వేసింది.

ల్యాబ్‌లో కోడలు ఆ క్యాప్‌ని పనివేళ అయ్యాక ఒక్కతే కూర్చుని చేసింది. మైనం అంచుని భూతద్దం కింద పెట్టి చూసి, గీకి, మళ్ళీ పోసింది. పక్క పన్ను మీదున్న సన్నటి పసుపు చారని కూడా పింగాణీలోకి తెచ్చింది. ప్లాస్టర్ పన్ను మీద పెట్టి అంచు చుట్టూ గోటితో రాసి చూస్తే ఎక్కడా సందు తగల్లేదు. తన చేతిలోంచి అంత మంచి పని ఎప్పుడూ రాలేదని ఆమెకే తెలిసింది. సంతోషమూ వేసింది, భయమూ వేసింది.

డాక్టరమ్మ క్యాప్ అంటించి, అద్దం చేతికిచ్చి, "ఏది మీ పన్నో నాకే తెలియడం లేదమ్మా" అంది.

ఆ సాయంత్రం అత్తాకోడళ్ళిద్దరూ మేడెక్కారు. కింద ఆవరణలో జనం ఖాళీ బకెట్లతో సహా తయారు. అత్తగారు పెదాలు ఒత్తుకుని, ఊపిరి పీల్చి ఊదింది. ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ ఊదింది. టీ చల్లార్చుకుంటున్నట్టు వినిపించింది. పైపులో చడీచప్పుడూ లేదు. ఆవిడ ట్యాంకు మీద చెయ్యి వేసి ఆనుకుంది.

కోడలు కలగజేసుకుంది. "నాలుక కొంచెం పైకి ఆనించి చూడండత్తయ్యా. విరుపు దగ్గర మీరు నాలుక ఇలా వెనక్కి లాగేవారు" అంటూ, చెప్పడం చేతకాక, చేసి చూపించబోయి ఊదింది. ఇన్ని క్యాపులు చేసీ చేసీ ఆ నోరు ఆమెకి తన నోటికంటే బాగా తెలుసు. ఈల సన్నగా, పొడుగ్గా వచ్చింది. మధ్యలో విరిగింది. కాళ్ళ కింద పైపు వణికి, గుడగుడమంటూ నీళ్ళు పైకి పరిగెత్తసాగాయి.

అత్తగారు ఒక్క అంగలో వచ్చి అరచేత్తో కోడలి నోరు మూసేసింది. నీళ్ళు సగంలో ఆగి, జారి, సంపులో దబ్బున పడ్డాయి.

"ఊరుకో" అంది గుసగుసగా. "మా అన్నయ్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు పొద్దున వెళ్ళి, మధ్యాహ్నమే లేచాను. ఇంకాసేపు కూర్చోవే అన్నాడు. నీళ్ళవేళ అవుతోంది అన్నయ్యా, రేపొస్తా అన్నాను. ఆ రాత్రే పోయాడు. ఇన్నేళ్ళలో ఒక్క పూట బయట పడుకోలేదమ్మాయ్ నేను. అది నాతోనే పోనీ."

కోడలు ఆ అరచేతి వెనక నుంచే తలూపింది. ఆవిడ చెయ్యి తీసి, కోడలి మొహం మీద వెంట్రుకలు సవరించి, ముందు నడిచింది.

కిందికి దిగేసరికి జనం మెట్ల దగ్గరే ఉన్నారు.

"ఈల పోయింది. మోటారు తెచ్చుకోండి" అంది అత్తగారు.

"పైన ఈల వినపడింది కదా పిన్నిగారూ" అన్నాడు సెక్రెటరీ. "పైపు కూడా మోగింది."

"అదే ఆఖరుది. సగం దాకా వచ్చి పడిపోయాయి, విన్నారుగా."

పక్కింటావిడ కోడలి వైపు తిరిగింది. "పోనీ మీ కోడల్ని ఒకసారి ప్రయత్నించమనకూడదూ? పళ్ళ పనిలోనే ఉంది కదా."

"దానికి ఈల రాదు" అంది అత్తగారు.

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అబద్ధమాడగా విన్నవాళ్ళు లేరు. అందుకని అందరూ నమ్మారు. సెక్రెటరీ సైకిలు బయటికి తీయడానికి తాళంచెవి వెతుక్కుంటూ వెళ్ళాడు. కోడలు పెదాలు బిగించి, అత్తగారి పక్కనే తల వంచుకుని నిలబడింది. ఆవిడ కాళ్ళ మీద పడి దణ్ణం పెట్టాలనిపించింది గానీ, పెడితే ఎందుకని అడుగుతారు.

వారం తిరక్కుండా మోటారు వచ్చింది. మొదటిసారి అది వేసిన సాయంత్రం ల్యాబ్‌లో పని తెమలక కోడలు బాగా చీకటిపడ్డాక ఇల్లు చేరింది. మెట్ల మీద సెక్రెటరీ ఎదురయ్యాడు, లెక్కల మాస్టారు ఎదురయ్యాడు. నీళ్ళవేళ దాటిపోయినా, ఇంతసేపు ఎక్కడున్నావని ఒక్కరూ అడగలేదు.