స్వామికి మైల

మా వారు శివరామయ్యగారు కొల్లేటి ఒడ్డున మా ఊరి శివాలయంలో అర్చకులు. ఏటా కోతలప్పుడు రైతు కనకరాజు మొదటి వరి వెన్నుల్ని కుచ్చుగా అల్లి, పిచ్చుకల కోసం గుడి మండపంలో వేలాడదీస్తాడు. అవి తింటే స్వామి తిన్నట్టేనని మా నమ్మకం.

ఈసారి దోమపోటుకి భయపడి కోత దగ్గరపడ్డాక కూడా చేనుకి మందు కొట్టాడు. ఆ వెన్నులే తెచ్చి కట్టాడు.

మర్నాడు పొద్దున్న నైవేద్యం గిన్నెతో నేను వెళ్లేసరికి మా వారు మండపంలో నేల మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో పరిచిన కండువా నిండా చచ్చిపోయిన పిచ్చుకలు. ఒకదాని ముక్కున ఇంకా వడ్లగింజ ఉంది.

కబురు విని కనకరాజు పరుగున వచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మందు కొట్టిన చేలోవి స్వామికెలా తెచ్చావయ్యా?"

"కడిగే కట్టానండీ అమ్మగారూ. మందు కొట్టని చేను ఇప్పుడెక్కడుందండీ?"

మా వారు మెల్లగా లేచి గర్భగుడి తలుపులు మూసేశారు.

"గుడికి మైలాండీ? నీళ్లు చల్లి సంప్రోక్షణ చేసేస్తే సరిపోదాండీ?" అన్నాడు కనకరాజు.

"మైల గుడికి కాదు నాయనా, స్వామికి. ఆయన పిల్లలు పోయారు."

నా చేతిలో గిన్నె ఇంకా వేడిగానే ఉంది. పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రి ముందు అన్నం ఎలా పెట్టను? వెనక్కి తెచ్చేశాను.