మూరెడు మట్టి కింద

నేను ఒక రాతి శిలువను. అర్మేనియా కొండల్లో ఎర్రటి మెత్తరాయిగా పడి ఉన్న నన్ను వార్తాన్ అనే శిల్పి తవ్వి తీశాడు. గాడిదలు తోలుకుంటూ వెళ్లి మంచులో కనబడకుండా పోయిన సహాక్ కోసం, అతని భార్య షుషాన్ నన్ను చెక్కించింది. శవం దొరకలేదు. అతనికి మిగిలిన గుర్తు నేనే.

"నాకు చదువు రాదయ్యా. నాకు తెలిసేట్టు చెక్కు," అందామె.

"ఇది చావు గుర్తు కాదమ్మా, చెట్టు. కింద ఈ గుండ్రటిది విత్తనం. అందులోంచి రెండాకులు లేస్తాయి. పైన దానిమ్మలు. ఒక్క కాయలో ఎన్ని ప్రాణాలో చూడు!"

"దానిమ్మ తింటే ఆయనకి పళ్లు పులిసేవి," అంటూ ఏడుపులోనే నవ్వింది. "ద్రాక్ష కూడా పెట్టు."

పెట్టాడు. అడుగున ఒక వరుస చెక్కి, ఆమెకు చదివి వినిపించాడు: సహాక్‌ను ప్రార్థనలో తలచుకోండి.

మొక్కేవాళ్లు పొద్దుపొడుపు వైపు చూడాలని నా ముఖం పడమటికి పెట్టి నిలబెట్టారు. దారిన పోయేవాళ్లు ఆ వరుస చదివి, ఆ పేరు పైకి పలికేవారు. షుషాన్ వేలితో తడిమేది. ఆమె వేలికి ఆ అక్షరాలు కంఠతా వచ్చేశాయి.

ఏళ్ల తర్వాత భూమి కంపించి నేను పడిపోయాను. ఊరివాళ్లు ప్రేమగానే లేపారు. మళ్లీ పడకూడదని మూరెడు లోతు ఎక్కువ పాతారు. పడమర తప్పిందేమోనని మాత్రం మళ్లీ మళ్లీ చూసుకున్నారు. మనుషుల జాగ్రత్త అలాగే ఉంటుంది.

చూపు మందగించిన షుషాన్ వచ్చి తడిమింది. వేలికి గడ్డి తగిలింది.

"పేరేదిరా?"

"దిక్కు సరిగ్గానే ఉందిలే అవ్వా," అన్నారు నన్ను పాతినవాళ్లు.

"దిక్కు కాదురా, పేరు! అడుగున ఉండాలి."

"చదువు రానిదానివి, నీకెట్లా తెలుసే?" అని నవ్వారు. "దేవుడికి తెలుసులే, పో."

"దేవుడు మరిచిపోడు. మీ కోసమే రాయించాను."

గోళ్లతో మట్టి గీకింది. నేల అప్పటికే గడ్డకట్టింది. మంచు కరగ్గానే పైకెత్తుతామన్నారు. మంచు కరిగింది. అడగడానికి షుషాన్ లేదు. ఎత్తడం ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పటికీ జనం వస్తారు. ఆకులు ముద్దాడతారు, దానిమ్మలు చూసి ముచ్చటపడతారు, "ఎవరిదో పాపం, పేరైనా లేదు," అంటూ వెళ్లిపోతారు. విత్తనం, ఆకు, కాయ, అన్నీ ఇచ్చిన వార్తాన్ నాకు నోరు ఇవ్వలేకపోయాడు.

మీరు ఇంత దూరం రానక్కరలేదు. ఉన్నచోటే, ఒక్కసారి, పైకి అనండి: సహాక్.